పొడిచిండు, గుద్దిండు, కొట్టిండు: ఇంగ్లీషుల ఏ దెబ్బకు ఏ మాట?

హన్మకొండ_జూనియర్

అందరికీ నమస్తే. హన్మకొండల ఒక సీనియర్ వకీలు దగ్గర జూనియర్‌గ చేస్తున్న. తెలుగుల ఉన్న ఫిర్యాదులు, వాంగ్మూలాలు ఇంగ్లీషులకు మార్చే పని నా మీద పడుతది. ఎక్కువ తండ్లాట కొట్లాట కేసులల్లనే. మనోళ్లు చెప్పేటియి నాలుగే మాటలు: పొడిచిండు, గుచ్చిండు, గుద్దిండు, కొట్టిండు. ఇంగ్లీషు పర్యాయపదాలు వెతికితే ఒక్క పొడుచుడుకే పోక్, ప్రాడ్, జ్యాబ్, స్టాబ్, థ్రస్ట్, పియర్స్, ప్రిక్, గోర్, ఇంపేల్ అని వరుస కనబడుతది. ఏది ఎక్కడ వాడాల్నో మాత్రం ఉండది.

ఇప్పుడు నా ముంగట ఉన్నది ఇసొంటి వాక్యం: "పొలం గట్టు కాడ మాట మాట పెరిగి కట్టెతోని కడుపుల పొడిచిండు, ఈపుల గుద్దిండు, కింద పడేసి చేతులతోని కాళ్లతోని కొట్టిండు."

ఎట్ల రాయాలె? తెలిసినోళ్లు జర వివరంగ చెప్పుండ్రి.

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

జూనియర్ గారూ, పర్యాయపదాల పట్టికను కాసేపు పక్కన పెట్టండి. 1852లో రోజెట్ అనే వైద్యుడు థెసారస్ అచ్చువేసినప్పటి నుంచీ అటువంటి పుస్తకాలు మాటలను గుంపులుగా పేర్చి చూపిస్తున్నాయి. మాట ముందే తెలిసి, నోటికి రాక ఆగిపోయిన మనిషికి అవి బాగా ఉపయోగపడతాయి. కొత్తగా ఎంచుకోవాల్సిన మనిషికి అవి సరిపోవు.

మూడు సంగతులు అడిగి తెలుసుకోండి. దేనితో పొడిచాడు? అది లోపలికి దిగిందా, పైపైనే ఆగిందా? ఒక్కసారా, పదే పదేనా? తెలుగులో వీటిని పక్క మాటలు చెప్తాయి. కత్తితో పొడిచాడు, కొమ్ముతో పొడిచింది, వేలుతో పొడిచాడు అంటాం, క్రియ అదే ఉంటుంది. ఇంగ్లీషులో ఆ సమాచారమంతా క్రియలోనే ఉంటుంది. అన్ని క్రియలు ఉండటానికి కారణం అదే.

వేలితోనో కర్ర కొసతోనో తగిలిస్తే పోక్. ఒంట్లోకి దిగదు. కదిలించడానికి, ముందుకు తోలడానికి పొడిస్తే ప్రాడ్. మోచేత్తో పక్కవాడిని మెల్లగా తాకి సైగ చేస్తే నడ్జ్, అందులో కోపం ఉండదు. చటుక్కున, కురచగా, బలంగా పొడిస్తే జ్యాబ్. మొన ఉన్న వస్తువు ఒంట్లో దిగితేనే స్టాబ్. ప్రిక్ అంటే సూదిమొనంత పోటు, ఒక చుక్క రక్తం. షుగర్ పరీక్షకు వేలు పొడిచేది అదే. పియర్స్ అనేటప్పుడు చేసినవాడి మీద కంటే జరిగినదాని మీద చూపు ఉంటుంది, అంటే చర్మమో రేకో కవచమో దాటుకుని అవతలికి పోయిందని. చెవులు కుట్టించడాన్ని ఇయర్ పియర్సింగ్ అనేది అందుకే. ఇంపేల్ అంటే గుచ్చుకుని దాని మీదే ఉండిపోవడం. మేడ మీది నుంచి ఇనుప చువ్వల మీద పడ్డవాడికి వాడతారు.

మీ వాక్యంలో ఉన్నది కట్టె. స్టాబ్ రాయకండి. "హి జ్యాబ్డ్ మి ఇన్ ది స్టమక్ విత్ ఎ స్టిక్" అని రాయండి. స్టాబ్ అని రాస్తే చదివేవారికి మొన చెక్కిన కట్టె కడుపులో దిగినట్టు కనబడుతుంది. రెండోది "పంచ్డ్ మి ఇన్ ది బ్యాక్".

మూడోదానికి "బీట్ మి విత్ హ్యాండ్స్ అండ్ లెగ్స్" అని రాయడం మన దగ్గర అలవాటైపోయింది. తెలుగు వాక్యానికి ఇంగ్లీషు చొక్కా తొడిగినట్టుంటుంది. ఇంగ్లీషులో కాలితో కొట్టడానికి కిక్ అని విడిగా క్రియ ఉంది. చేతితో అంటే పిడికిలా అరచెయ్యా అని ఫిర్యాదు ఇచ్చిన మనిషినే అడగండి. పిడికిలైతే పంచ్, అరచెయ్యి అయితే స్లాప్.

కోర్టు_వరండా

సార్ చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి చట్టం తోడు చేస్త.

తమ్మీ, 2024 జులై 1 నుంచి ఐపీసీ, అంటే పాత శిక్షల చట్టం, పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది, నీకు తెల్సిందే. మామూలుగ కొట్టి గాయపరిస్తే సెక్షన్ 115(2), శిక్ష ఏడాది దాకా. షూటింగ్, స్టాబింగ్, కటింగ్ చేసే పనిముట్టుతోని, లేకుంటే ఆయుధంగ వాడితే పానం పొయ్యేటి వస్తువుతోని గాయపరిస్తే 118(1), మూడేండ్ల దాకా. స్టాబ్ అన్న మాట సెక్షన్‌లనే కూసోని ఉన్నది, సూశినవా? కట్టె పోటుకు నువ్వు స్టాబ్ అని రాస్తే, దవాఖాన కాగితంల కమిలిన గాయం అని ఉంటది. అవతలి వకీలు ఆ రెండింటిని పక్కపక్కన పెట్టి సాక్షిని అడుగుతడు, "కాగితంల గట్లున్నది, నువ్వేమో గిట్ల చెప్తున్నవ్" అని. పాపం ఆ మనిషి తెలుగుల చెప్పింది నిజమే. ఇంగ్లీషుల పడ్డ ఒక్క మాటతోని ఆయన అబద్ధాలకోరు అయితడు. మన పనిల భయపడాల్సింది ఇక్కడనే.

ఇంకోటి, అసాల్ట్. దీన్ని అందరు కొట్టుడు అనే అనుకుంటరు. చట్టంల అట్ల లేదు. పాత 351, ఇప్పటి 130 చదువు. ఎదుటి మనిషికి "ఇప్పుడు నన్ను కొడుతడు" అని అనిపించేటట్టు చెయ్యి లేపినా, పిడికిలి ఊపినా అసాల్ట్ అయిపోతది. ఒంటికి తాకాల్సిన పనే లేదు. పిడికిలి ఊపే ఉదాహరణ సెక్షన్ కిందనే ఇచ్చిండ్రు. ఉత్త మాటలతోని అయితే అసాల్ట్ కాదు. బలం ప్రయోగించినంక అది క్రిమినల్ ఫోర్స్, 129. నొప్పి పుట్టిందంటే హర్ట్, 114. పేపరు ఇంగ్లీషుల అసాల్ట్ వేరు, కోర్టు ఇంగ్లీషుల అసాల్ట్ వేరు.

'ఎట్' సంగతి సుత గుర్తు పెట్టుకో. "స్టాబ్డ్ హిమ్" అంటే దిగింది. "స్టాబ్డ్ ఎట్ హిమ్" అంటే పొడవబోయిండు, తగిలిందో లేదో ఆ వాక్యం చెప్పది. "స్ట్రక్ ఎట్" కూడ గంతే. ఉన్నకాడ తీసేసినా, లేనికాడ పెట్టినా కేసు మారుతది.

హన్మకొండ_జూనియర్

అన్నా, ఈ 'ఎట్' ముచ్చట నాకు ఎవ్వరు చెప్పలే. మస్తు థ్యాంక్స్. సార్, ఇంకొక్క సందేహం. "ఇన్ ది బ్యాక్" అన్నరు. నేనైతే "ఆన్ ది బ్యాక్" రాస్తుంటి. తలకు, సంపకు, కడుపుకు ఏది ఏడ పెట్టాలె?

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

ముందు వాక్యం కట్టే తీరు చూడండి. మనం "నా తల మీద కొట్టాడు" అంటాం, తల ముందు వస్తుంది. ఇంగ్లీషులో మనిషి ముందు, ఒంటి భాగం తర్వాత: "హి హిట్ మి ఆన్ ది హెడ్". 'మై హెడ్' అనరు, 'ది హెడ్' అంటారు.

గట్టిగా, పైకి ఉండే చోటుకు ఎక్కువగా ఆన్: తల, భుజం, మోకాలు. మెత్తగా లోపలికి పోయే చోటుకు ఇన్: కడుపు, కన్ను, డొక్క, ముఖం. వీపు రెండు రకాలుగా నడుస్తుంది. వీపు తట్టి మెచ్చుకునేది "పాట్ ఆన్ ది బ్యాక్", లోతుగా తగిలే గుద్దుకు, పోటుకు "ఇన్ ది బ్యాక్". చెంపకు "స్లాప్డ్ మి ఆన్ ది చీక్" అనొచ్చు, చెంప అడ్డంగా చెళ్లుమనిపిస్తే "అక్రాస్ ది ఫేస్". పూర్తి సూత్రం అంటూ లేదు, వాడుకను చూసి పట్టుకోవాల్సిందే.

పెద్దపల్లి_పిల్ల

సార్, నేను పోటీ పరీక్షలకు చదువుతున్న. స్ట్రైక్‌కు భూతకాలం స్ట్రక్ కదా, మరి స్ట్రోక్ ఏంది? నా దోస్తు "హి స్ట్రోక్డ్ ద బాయ్ విత్ ఎ స్టిక్" అని రాసింది. తప్పు అన్నరంట, ఎందుకో చెప్పలేదంట. ఇంకోటి, దోమ కుట్టింది, తేలు కుట్టింది, మనకు రెండూ కుట్టుడే. ఇంగ్లీషుల ఎందుకు వేరు?

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

అమ్మా, స్ట్రోక్ నామవాచకంగా వస్తే దెబ్బ. క్రియగా వస్తే నిమరడం. పిల్లి వీపు నిమిరితే అది స్ట్రోక్. మీ స్నేహితురాలి వాక్యానికి "కట్టెతో పిల్లవాణ్ణి నిమిరాడు" అని అర్థం వచ్చింది. అక్కడ స్ట్రక్ రాయాలి.

దెబ్బ అనే అర్థంలో స్ట్రోక్ మనకు బాగా తెలిసినదే. వడదెబ్బ అంటాం, వాళ్లు సన్‌స్ట్రోక్ అంటారు. రామగుండం, మంచిర్యాల వైపు మే నెల ఎండ చూసినవారికి దాన్ని దెబ్బ అని ఎందుకన్నారో వేరే చెప్పనక్కర్లేదు. పిడుగు మాత్రం మనకు పడుతుంది, వాళ్లకు కొడుతుంది: "స్ట్రక్ బై లైట్నింగ్".

పని బంద్ పెట్టే స్ట్రైక్ కూడా ఇదే మాట. 1768లో లండన్ రేవులో నావికులు పని ఆపి ఓడల తెరచాపలు దించేశారు. తెరచాప దించడాన్ని ఓడవాళ్ల భాషలో స్ట్రైక్ అంటారు. సమ్మెకు ఆ పేరు అక్కడి నుంచి వచ్చింది. 2011 సకల జనుల సమ్మెలో సింగరేణి బావులు ఆగినప్పుడు ఇంగ్లీషు పేపర్లు రాసిన స్ట్రైక్ కూడా ఆ మాటే.

కుట్టుడు గురించి: నోటితో చేస్తే బైట్, తోక చివరి ముల్లుతో చేస్తే స్టింగ్. దోమకు తొండం నోటి దగ్గర ఉంటుంది, కనుక మస్కిటో బైట్. తేలు, తేనెటీగ, కందిరీగలకు స్టింగ్. పాముకు బైట్, జెర్రికి కూడా బైట్.

వార్డు_అక్క

నేను వరంగల్‌ల నర్సును. ఏండ్ల సంది దెబ్బలు తగిలినోళ్లనే చూస్తున్న కాబట్టి ఇది నా ఇలాకా. జూనియర్ తమ్ముడు గాయం సర్టిఫికెట్ చదవాల్సి వస్తది, అందుకే చెప్తున్న.

డాక్టర్లు గాయం పేరును చూసిన దాన్ని బట్టి రాస్తరు, చెప్పిన దాన్ని బట్టి కాదు. కత్తితోని చీరితే ఇన్‌సైజ్డ్ వూండ్, దాంట్ల పొడవు ఎక్కువ. పొడిస్తే స్టాబ్ వూండ్, దాంట్ల లోతు ఎక్కువ. పైన సూస్తె చిన్నగ, చీరినట్టే ఉంటది, లోపల ఎంత దూరం పోయిందో చూపుకు అందది. అందుకే పొడిచిన గాయాన్ని ఎన్నడు అల్కగ తీసుకోం. కడుపు, ఛాతీ లోపలి ఖాళీ దాకా పోతే పెనెట్రేటింగ్. ఇటు దిగి అటు ఎల్తె పర్ఫరేటింగ్. కట్టె, రాయి లెక్క మొద్దు వస్తువుతోని తోలు చిట్లితే లాసరేషన్, దాని అంచులు నలిగి ఉంటయి, మధ్యల సన్నటి పోగులు తెగకుంట మిగులుతయి. కత్తి కోతల ఆ పోగులు ఉండవు. తోలు తెగకుంట లోపల రక్తం గడ్డకట్టి కమిలితే కంట్యూజన్. పైపైన గీసుకపోతే అబ్రేజన్. తల మీద మొద్దు దెబ్బ పడ్డప్పుడు జర జాగ్రత్త. ఎముక మీద తోలు బిగ్గరగ ఉంటది కాబట్టి, లాసరేషన్ కూడ కత్తితోని కోసినట్టే కనబడుతది. పోగులు ఉన్నయా లేవా అని దగ్గరగ సూస్తెనే తేలుతది.

ఇగ నొప్పి ముచ్చట. ఓపీల కూసుంటే మన మాటల గొప్పతనం తెలుస్తది. పోట్లు పొడుస్తున్నయి, సలుపుతున్నది, గుంజుతున్నది, సూదులతోని గుచ్చినట్టున్నది, నెత్తిల సుత్తెతోని కొట్టినట్టున్నది అని ఎవరికి వాళ్లు ఎంత తేటగ చెప్తరో. చిన్న డాక్టరు కాగితం మీద ఒక్క మాట రాస్తడు: 'పెయిన్'. అంత చెప్పింది పోయినట్టే. నాకు మస్తు బాధనిపిస్తది.

కెనడాల మెక్‌గిల్ విశ్వవిద్యాలయంల రొనాల్డ్ మెల్జాక్ అనే ఆయన 1975ల నొప్పి మాటలతోని ఒక ప్రశ్నావళి తయారు చేసిండు. 78 మాటలు, 20 గుంపులు. గుంపుల లోపల తక్కువ నొప్పి నుంచి ఎక్కువ నొప్పికి వరుస పెట్టిండు. ఒక గుంపుల పొడిచే మాటలే ఉన్నయి: ప్రికింగ్, బోరింగ్, డ్రిల్లింగ్, స్టాబింగ్, లాన్సినేటింగ్. ఇంకో గుంపుల కొట్టుకునేటియి: ఫ్లికరింగ్, క్వివరింగ్, పల్సింగ్, థ్రాబింగ్, బీటింగ్, పౌండింగ్. సార్ అన్న పర్యాయపదాల పట్టికను ఈయన రోగికి పనికొచ్చేటట్టు మలిచిండు.

మన మాటలకు నేను వాడేటియి చెప్త. సలుపు అంటే థ్రాబింగ్. చీము పట్టిన వేలు, పంటి నొప్పి గట్లనే ఉంటయి. సూదులు గుచ్చినట్టు అంటే ప్రికింగ్. కాలు తిమ్మిరెక్కినంక వచ్చే చిమచిమకు 'పిన్స్ అండ్ నీడిల్స్'. నడుము కాడ మొదలై పిక్క దాక సర్రున దిగేది షూటింగ్. పోటు అంటే స్టాబింగ్, గని పోటు అని సలుపుకు సుత అంటరు. "ఒక్కసారి వచ్చి పోతుందా, నాడి లెక్క కొట్టుకుంటుందా" అని అడిగి రాయాలె. కురుపు కోసి చీము తీసుడు లాన్స్. దానికి వాడే చిన్న కత్తి లాన్సెట్. 1823ల మొదలైన పెద్ద వైద్య పత్రికకు పెట్టిన పేరు కూడ అదే.

గుండె కాడ మాత్రం ఒక మాట. బండ పెట్టినట్టు, పిండినట్టు బరువుగ ఉండే నొప్పి గుండెదయ్యే అవకాశం ఎక్కువ. ఊపిరి పీల్చినప్పుడల్ల కత్తితోని పొడిచినట్టయితే వేరే కారణాలు కూడ ఉండొచ్చు. ఏదైనా ఇంట్ల కూసోని తేల్చుకోవద్దు. 108కు ఫోన్ చెయ్యుండ్రి. వచ్చినోళ్లకు మీ మాటల్నే చెప్పుండ్రి, ఇంగ్లీషు కోసం వెతకవద్దు.

కోర్టు_వరండా

అక్కా, ఆ తలగాయం ముచ్చట మా జూనియర్లందరికి చదివిస్త. దానికి ఇంకోటి జోడించుకోండ్రి. గ్రీవస్ హర్ట్, అంటే తీవ్రమైన గాయం, దాని లెక్క మారింది. పాత చట్టంల 20 రోజులు తీవ్రమైన నొప్పితోని ఉండుడో, రోజువారి పని చేసుకోలేక పోవుడో ఉంటే గ్రీవస్. కొత్త చట్టం 116ల 15 రోజులే. బొక్క ఇరిగినా, పన్ను ఊడినా ఎప్పటి లెక్కనే గ్రీవస్.

ఇందూరు_రింగ్

నిజామాబాద్ నుంచి. జ్యాబ్ అనగానే మాకు గుర్తొచ్చేది బాక్సింగే. ముందు ఉండే చేతితో, మోచెయ్యి సాపుతూ తిన్నగా కొట్టి వెంటనే వెనక్కి లాగేది జ్యాబ్. దూరం కొలుచుకోవడానికి, ఎదుటివారి లయ చెడగొట్టడానికి వాడతాం. వెనక చేతితో తిన్నగా వచ్చేది క్రాస్, పక్క నుంచి వంపు తిరిగేది హుక్, గడ్డం కింది నుంచి పైకి లేచేది అప్పర్‌కట్. తెలుగు వ్యాఖ్యానంలో అన్నిటికీ 'పంచ్ విసిరింది' అంటే ఆట కనబడదు. మా ఊరి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. ఆమె బౌట్లు చూసేటప్పుడు ఈ నాలుగు పేర్లు తెలిస్తే ఏ దెబ్బ తర్వాత ఏది వస్తుందో కన్ను పట్టుకుంటుంది.

కరోనా టీకాకు పేపర్లలో 'జ్యాబ్' అని రాసింది బ్రిటన్ వాడుక. అమెరికాలో 'షాట్' అంటారు.

కాజీపేట_జంక్షన్

గుద్దుడు గురించి ఎవ్వరు పూర్తిగ మాట్లాడలే. మన దగ్గర పిడికిలితోని గుద్దుతరు, లారీ కూడ గుద్దుతది. యాక్సిడెంట్ కాగితాలల్ల "ది లారీ డ్యాష్డ్ ది స్కూటర్" అని ఉంటది. నేను ఆఫీసుల గట్లనే రాస్త. కొత్తగ వచ్చిన ఆఫీసరు కొట్టేసి 'హిట్' అని దిద్దిండు. ఏది సరైంది?

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

ఆఫీసరు గారు దిద్దిందే సరైనది. డ్యాష్ అంటే విసురుగా ఉరకడం, లేదా దేన్నైనా విసిరి కొట్టి పగలగొట్టడం. అలలు బండలకేసి డ్యాష్ అవుతాయి. లారీ స్కూటర్‌ను హిట్ చేస్తుంది. కావాలని వేగంగా పోయి గుద్దితే ర్యామ్. రెండూ కదులుతూ ఢీకొంటే కొలైడ్. మనిషిని గుద్ది పడేస్తే నాక్ డౌన్, పై నుంచి పోతే రన్ ఓవర్.

కోర్టు_వరండా

సార్, ఈ ఒక్కదాంట్ల మీతోని కలవను. మోటారు ప్రమాదాల ట్రిబ్యునళ్లల్ల "డ్యాష్డ్ అగైనెస్ట్" ఎన్నో ఏండ్ల సంది నడుస్తున్నది. రాసే పోలీసుకు తెలుసు, చదివే జడ్జికి తెలుసు, ఇన్సూరెన్సు వకీలుకు తెలుసు. ఒక్కరికి సుత అర్థం తేడా పడదు. ఒక దేశంల కోట్ల మంది ఒక మాటను ఒకే అర్థంతోని వాడుతుంటే అది ఆ దేశపు ఇంగ్లీషే. స్టాబ్ లెక్క అర్థం మారి మనిషి బతుకు మీదికి వస్తె దిద్దాలె. డ్యాష్‌తోని ఎవరికి నష్టం లేదు.

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

మీ కోర్టులో నష్టం లేదు, ఒప్పుకుంటాను. పెద్దపల్లి అమ్మాయి పరీక్షలో రాస్తే మార్కు పోతుంది. దుబాయిలో, లండన్‌లో ఉద్యోగానికి పోయిన మన పిల్లవాడు అక్కడి ఇన్సూరెన్సు కాగితంలో రాస్తే వాళ్లు తికమకపడతారు. చదివేది ఎవరో చూసి రాయమనే నా మాట.

మానేరు_ఒడ్డు

కరీంనగర్ జిల్లా, వ్యవసాయం. ఎద్దుల ముచ్చట రాకుంటె ఈ చర్చ పూర్తిగాదు.

ఎద్దు పొడిస్తె గోర్. కొమ్ముకు, కోరకే ఆ మాట, మనిషి పొడిస్తె అనరు. మా బాపుకు ఎవుసంల దూడతల్లి కొమ్ము తగిలి తొడ చీరుకపోయింది. పశువుల ఇన్సూరెన్సు ఆయన ఇంగ్లీషుల 'గోర్డ్' అని రాస్తె మా కాలేజి పిలగాడు ఇంట్ల నిఘంటువు తిరగేసిండు. గోర్ అంటె చిక్కటి నెత్తురు అని సుత ఉన్నది. అది వేరే మాటంట. పొడిచే గోర్ పాత ఇంగ్లీషుల బల్లానికున్న 'గార్' అన్న పేరు నుంచి వచ్చింది. గార్లిక్, అంటె ఎల్లిగడ్డ, దాంట్ల కూడ ఆ గారే ఉన్నది. రెబ్బ బల్లెం మొన లెక్క ఉంటది గదా.

అరక తోలేటప్పుడు ముల్లుకట్టెతోని ఎద్దును అదిలిస్తం. ఆ కట్టె గోడ్. మనిషిని రెచ్చగొట్టుడును సుత గోడ్ అంటరు. సెర్నకోలతోని కొడితే విప్, లాష్. కల్లంల వరి కొట్టుడు థ్రెష్, మనిషిని చితకబాదుడు థ్రాష్. ఈ రెండు పుట్టుకల ఒక్కటే మాట. రోట్ల దంచుడు పౌండ్.

కాలుకు ముల్లు ఇరిగితె "థార్న్ బ్రోక్ ఇన్ మై లెగ్" అని రాయవద్దు పిల్లలూ. మనకు ఇరుగుడంటె దిగుడే. "ఐ హ్యావ్ ఎ థార్న్ ఇన్ మై ఫుట్" అనాలె. పాదానికి లెగ్ అనరు.

పెంబర్తి_ఇత్తడి

మాది జనగామ దగ్గర. మేం పొద్దంత కొట్టుడే పని, గని ఆ కొట్టుడుతోని దేవుడి బొమ్మ లేస్తది. ఇత్తడి రేకు మీద బొమ్మ గీసి, లక్క మీద కూసోబెట్టి, ఉలితోని సుత్తెతోని కొడుతం. వెనకవైపు నుంచి కొట్టి ముందుకు ఉబ్బిస్తె దాన్ని రెపూసే అంటరు, ఫ్రెంచి మాట. తిప్పి ముందటి నుంచి కండ్లు, నగలు, మడతలు తీర్చితే చేజింగ్. ఈ రెండింట్ల రేకు నుంచి లోహం పోదు, జరుగుతదంతే. లోహాన్ని గీకి తీసేస్తె ఎన్‌గ్రేవింగ్. ఎగ్జిబిషన్ బోర్డుల మీద మా పనికి ఎన్‌గ్రేవింగ్ అని రాస్తుంటరు. కొనేటోళ్లు "గీకినారా" అని అడుగుతరు. కొట్టి లేపిన పని అని మళ్ల విప్పి చెప్పాల్సి వస్తది. బోర్డులు రాసేటోళ్లు ఎవరన్న ఈ చర్చ చదువుతే, 'రెపూసే అండ్ చేజింగ్' అని రాయుండ్రి. గుళ్లల్ల చిల్లులు పడేటట్టు చెక్కిన రాతి జాలీలకు మాత్రం 'పియర్స్డ్' అంటరు, అక్కడ అది సరిపోతది.

ములుగు_దారి

మేడారం గురించి ఇంగ్లీషుల ఒక వ్యాసం రాస్తున్న. కాకతీయుల సైన్యంతోని కొట్లాడుతున్నప్పుడు సమ్మక్క తల్లిని వెనక నుంచి బల్లెంతోని పొడిచిండ్రని, ఆ తల్లి చిలుకలగుట్ట దిక్కు పోయి కనబడకుంట పోయిందని మన పెద్దలు చెప్తరు. "స్టాబ్డ్ ఇన్ ది బ్యాక్" అని రాసిన. సరేనా?

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

ఆ నాలుగు మాటలు కలిస్తే ముందుగా నమ్మకద్రోహం అనే అర్థం వస్తుంది, మన వెన్నుపోటు లాగానే. తల్లి తన వాళ్ల చేతిలో మోసపోయిందని చదివేవారు అనుకునే ప్రమాదం ఉంది. ఆయుధాన్నే క్రియ చేయండి: "ఎ సోల్జర్ స్పియర్డ్ హర్ ఫ్రమ్ బిహైండ్". ఎవరు, దేనితో, ఎటు నుంచి అన్నవి మూడూ అందులో ఉన్నాయి.

ములుగు_దారి

ఇదే పెడుత సార్. బల్లెం ఉండాల్సిందే, మా కథల అది పెద్ద ముచ్చట.

హుస్నాబాద్_డిగ్రీ

నాది చివరి ప్రశ్న కావొచ్చు. మా నాయిన కల్లు గీస్తడు. స్కాలర్‌షిప్ ఫారంల తండ్రి వృత్తి ఇంగ్లీషుల రాయాలె. 'టాడీ ట్యాపర్' అని రాయమన్నరు. ట్యాప్ అంటే మెల్లగ తట్టుడు గదా? నాయిన మోకు ముస్తాదు కట్టుకోని తాడెక్కి, గెలను కత్తితోని పూట పూట సన్నగ గీసి లొట్టి కడుతడు. పానాలు పణంగ పెట్టే పనికి తట్టుడు అని రాయాల్నా?

ఓరుగల్లు_ఇంగ్లీష్_సార్

నాయనా, మీ నాన్న పనిని ఎవరూ తగ్గించడం లేదు. ఇంగ్లీషులో రెండు ట్యాప్‌లు ఉన్నాయి, పుట్టుక వేరు. మెల్లగా తట్టే ట్యాప్ ఫ్రెంచి వైపు నుంచి వచ్చింది. మీ నాన్న వృత్తిలోది పాత ఇంగ్లీషు మాట, పీపాకు కొట్టే బిరడా అని అర్థం. అది తీస్తే లోపలిది కారుతుంది. నీళ్ల ట్యాప్ కూడా ఈ కుటుంబానిదే. చెట్టుకు గాటు పెట్టి లోపలి రసాన్ని బయటికి తీసే పనికి ఆ పేరు వచ్చింది. తాటిచెట్టుకు గెల దగ్గర గీసినా, ఈతచెట్టుకు మాను మీద గాటు పెట్టినా ట్యాపింగే అంటారు. కేరళలో రబ్బరు పాలు తీసే వారిని కూడా ట్యాపర్లే అంటారు.

ఫారంలో 'టాడీ ట్యాపర్' అని రాయండి. మీ సర్టిఫికెట్లలో ఎక్కడైనా వృత్తి రాసి ఉంటే ఏ మాటతో ఉందో ఒకసారి చూసుకోండి. అక్కడ గీత కార్మికుడు అని తెలుగులో ఉంటే దానికి ఇదే సరిగ్గా పొసగుతుంది. అక్కడ ఇంగ్లీషులో 'కూలీ' అని ఎవరైనా నింపి ఉంటే మాత్రం ఫారం ఇవ్వకముందే మీసేవలో దిద్దించుకోండి. రెండు కాగితాల్లో రెండు వృత్తులు ఉంటే దరఖాస్తు వెనక్కి రావచ్చు.